రెండో సంతకం

మార్చి 3, సోమవారం

ఇవాళ బెంచి దగ్గర ఒక చిన్న విషయం జరిగింది. రాసుకోవాల్సినంత పెద్దదేమీ కాదు. అయినా రాస్తున్నాను.

పెన్సిలక్క ఎప్పటిలాగే రోగి నరంలోకి మందు ఎక్కించే పంపు గొట్టంలోకి చిన్న సిరంజితో గాలి బుడగ ఎక్కించింది. బుడగ తగిలితే పంపు ఆగి మోగాలి. బుడగ నెమ్మదిగా పాక్కుంటూ సెన్సరు దాటి వెళ్లిపోయింది. పంపు ఆగలేదు. మోగలేదు. తనకు సంబంధం లేనట్టు మందు తోస్తూనే ఉంది. అక్క పంపు కట్టేసి, చెవి మీద పెన్సిలు తీసి, నోటుపుస్తకంలో గంట, నిమిషం, గదిలో వేడి, గొట్టం నంబరు, తాను ఎటువైపు నిలబడిందీ అన్నీ రాసింది. ఆ పుస్తకం చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. పదకొండేళ్ళు ఆసుపత్రి వార్డులో ఆయాగా చేసి, ఇక్కడ పరీక్షల బెంచికి వచ్చిన మనిషి. ఇంజనీరింగు చదివిన మాలో ఒక్కడు కూడా అంత శుభ్రంగా రాయడు.

రాసి, పుస్తకం నా వైపు తిప్పింది. మా దగ్గర పద్ధతి అది. తప్పు కనిపెట్టినవాళ్ళ సంతకం మొదటి గడిలో, పక్కనుండి చూసినవాళ్ళ సంతకం రెండో గడిలో. పంపుల్ని ఆసుపత్రులకు వదిలే విడుదల సమావేశం నాటికి రెండో సంతకం పడకపోతే 'పరీక్షించినవారి పొరపాటు' అని కొట్టేస్తారు. అక్క అందుకే అంతా పెన్సిలుతో రాస్తుంది. రెండో సంతకం పడ్డాకే ఆ అక్షరాల మీద నల్ల పెన్నుతో దిద్దుతుంది.

"నువ్వు ఇక్కడే ఉన్నావుగా తమ్ముడూ, ఓ సంతకం పడెయ్," అంది.

కళ్ళజోడు తుడుచుకుంటున్నాను అక్కా, సరిగ్గా చూడలేదు అన్నాను.

తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆవిడ రెండో గడి ఖాళీగా వదిలి ఇంకో గొట్టం బిగించింది.

మార్చి 4, మంగళవారం

ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని ఊగిపోతే పనులు సాగవు. గొట్టంలో తడి ఉండి ఉంటుంది. సెన్సరు వదులైపోయి ఉంటుంది. 

ఈ పంపు డ్రైవరు, అంటే లోపలి చిప్పుకు పని చెప్పే కోడ్, ఆరేళ్ళ క్రితం నేను రాసింది. చిప్పు ఎప్పుడూ మోటారు తిప్పుతూ, తెర మీద అంకెలు మారుస్తూ తన పనిలో తను ఉంటుంది. బుడగ వచ్చినా, ఎవరైనా మీట నొక్కినా ఇంటరప్ట్ వస్తుంది, ఎవరో తలుపు కొట్టినట్టు. చేస్తున్న పని ఆపి తలుపు తీసి, ఎవరు, ఏం కావాలని అడిగే కోడ్ నాది. కొత్తగా చేరినవాళ్ళకు 'ఇదిగో, ఇలా రాయాలి' అని మేనేజరు దాన్నే చూపిస్తాడు. చూపిస్తున్నప్పుడు నేను కిటికీలోంచి బయటకు చూస్తుంటాను, వినబడనట్టు. 

ఆరేళ్ళలో ఒక్క మాట రాలేదు దాని మీద.

మార్చి 6, గురువారం

మళ్ళీ జరిగిందట. అప్పుడు గదిలో అక్క ఒక్కతే. రెండో గడి మళ్ళీ ఖాళీ.

టీ దగ్గర మేనేజరు, "ఆవిడకు మధ్యాహ్నం కునుకు పడుతోందేమో, బుడగలు కలలో వస్తున్నాయి," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంత నవ్వొచ్చే మాటేం కాదు.

మార్చి 7, శుక్రవారం

బుడగలు దానంతట అదే ఎక్కించే యంత్రం కట్టాను. నిన్న సాయంత్రం మొదలుపెడితే ఇవాళ సాయంత్రానికి రెండు వేల బుడగలు. రెండు వేలసార్లూ పంపు ఆగింది, మోగింది. కాగితం అచ్చు తీసి అక్క బల్ల మీద పెట్టాను. కొంచెం గట్టిగానే పెట్టాను అనుకుంటా.

అక్క మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వేలు పెట్టి చదివింది. "బాగా చేశావు తమ్ముడూ. కానీ ఇందులో మనిషి లేడు కదా," అంది.

మనిషి లేకపోవడమే కదా దాని గొప్ప అన్నాను.

తప్పు నా కోడ్‌ది కాదు.

మార్చి 8, శనివారం

పొద్దున మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు సర్దుకుంటూ అందులోంచి కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ తీసి నా ముందు పడేసింది. "నెల రోజులుగా ఇది నా బ్యాగులో ఊరేగుతోంది. మీరు దేనితో తుడుచుకుంటున్నారో ఆ భగవంతుడికే తెలియాలి," అంది. 

చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాను అన్నాను. 

"అద్దాల నిండా వేలిముద్రలున్నాయి. తుడిచిన మొహంలా లేదే!"

ఈ మనిషితో వేగడం కష్టం. స్కూల్లో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ ఇంట్లో కూడా ఎర్ర పెన్ను పట్టుకునే తిరుగుతుంది.

సోమవారం చొక్కా అంచుతో తుడుచుకున్నాను. అవును, చొక్కా అంచే.

మార్చి 10, సోమవారం

మూడోసారి.

మేనేజరు ముగ్గురినీ గదిలోకి పిలిచాడు: అక్కను, నన్ను, పంపు సర్క్యూటు బోర్డు గీసిన కుర్ర ఇంజనీరును. అరవై పంపులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. వచ్చే వారం మూడు ఆసుపత్రుల వార్డులకు పోవాలి. శుక్రవారం విడుదల సమావేశం.

"పదకొండు వందల పరీక్షల్లో మూడు. ఆ మూడూ ఈవిడకే. యంత్రం పెడితే రెండు వేలల్లో ఒక్కటి కూడా లేదు," అని మేనేజరు నా వైపు చూశాడు. "డ్రైవరు మీది. మీరు చెప్పండి."

మూడో తేదీన కళ్ళజోడు తుడుచుకుంటున్నాను, చూడలేదు, బోర్డు కూడా ఓసారి చూస్తే మంచిది అన్నాను. బోర్డు కుర్రాడు వెంటనే కొలతల కాగితాలు తీశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టయింది నా పని. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. "మనిషి పొరపాటు కూడా కావచ్చు." 

'కావచ్చు' అన్నాను. అవునని అనలేదు.

మేనేజరుకు అది చాలు. శుక్రవారం ఆ మూడు తప్పులూ కొట్టేసి, అక్కను పరీక్షల బెంచి నుంచి ప్యాకింగుకు మారుస్తామన్నాడు. "కళ్ళకు కొంచెం విశ్రాంతి దొరుకుతుంది కదమ్మా," అన్నాడు మెత్తగా. అక్క నిలబడే ఉంది. బెంచి అంటే ఆవిడకు ఏమిటో నాకు తెలుసు. వార్డులో ఉన్నప్పుడు ఒక పంపు మోగలేదట, ఒక మనిషి మంచం ఖాళీ అయిందట. అప్పటి నుంచి పంపులు మోగుతాయో లేదో చూడడమే తన పని అనుకుని ఇక్కడికొచ్చింది. నాకు ఒక్కసారే చెప్పింది, మూడేళ్ళ క్రితం, మెట్ల మీద. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

బయటకు వచ్చాక అక్కా అని పిలిచాను.

"చెప్పండి సార్," అంది.

నలుగురిలో ఉంటే సార్, ఎవరూ లేనప్పుడు తమ్ముడూ. ఐదేళ్ళుగా అదే. నడవాలో ఇంకెవరూ లేరు.

మార్చి 11, మంగళవారం

ఇవాళ కూడా సార్ అంది. గదిలో మేమిద్దరమే.

మార్చి 12, బుధవారం

ఇది వివరంగా రాయాలి.

పొద్దున అక్క బెంచి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మీరు చేసినట్టే చెయ్యండి, నేను ఊరికే చూస్తాను అన్నాను. "చూస్తారా సార్?" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

రెండు గంటలు చూశాను. ఇన్నేళ్ళలో ఆవిడ చేతుల్ని ఎప్పుడూ చూడలేదు, పుస్తకాన్నే చూశాను. ఎడం చేత్తో సిరంజి తోస్తుంది. బుడగ సెన్సరు దగ్గరకు వచ్చే సమయానికి కుడి చేతి బొటనవేలు దానంతట అదే వెళ్ళి తెర వెలుగు పెంచే మీట నొక్కుతుంది. ప్రతిసారీ. బుడగ, మీట, బుడగ, మీట. మేమంతా పరీక్ష చేసేటప్పుడు చేతులు కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా దూరంగా నిలబడతాం. నా యంత్రానికి అసలు చేతులే లేవు.

మీట ఎందుకు నొక్కుతున్నారు అని అడిగాను.

"నొక్కుతున్నానా?" అంది. బొటనవేలు వైపు చూసుకుంది. "వార్డులో తెర మసకేసి ఉంటుంది సార్. గొట్టంలో ఏదన్నా తేడా కనబడితే ముందు వెలుగు పెంచి అంకె చూస్తాం. వార్డులో ఎవరూ ఒక పని ఒక్కటే చెయ్యరు. ఒక చెయ్యి గొట్టం మీద, ఒక చెయ్యి మీట మీద, నోరు పక్క మంచం వాళ్ళతో."

నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బుడగ తీగకు, మీట తీగకు చెరో సంకేతం కట్టి, మీట తర్వాత ఒక్క మిల్లీసెకనుకు బుడగ తగిలేలా పెట్టాను. వందసార్లు. 

వందకు వందా పోయాయి. ఒక్కసారి కూడా మోగలేదు.

డ్రైవరు తెరిచాను. ఎక్కడ చూడాలో నా వేళ్ళకు ముందే తెలుసనిపించింది. మీట నొక్కితే అది నిజంగా నొక్కడమా లేక మీట వణుకా అని రెండు మిల్లీసెకన్లు ఆగి చూసి, పని అయ్యాక దాని గుర్తు చెరిపే వరుస. ఎవరు తలుపు కొట్టారో చెప్పే గుర్తులన్నీ ఒకే రిజిస్టరులో, అంటే చిప్పు లోపలి చిన్న గడుల వరుసలో ఉంటాయి. నేను ముందు రిజిస్టరంతా చదివి, మీట గుర్తు దానికి కలిపి, మొత్తం తిరిగి రాశాను. పక్కవాళ్ళ గుర్తులు చెడకూడదని. ఏ రిజిస్టరుకైనా అదే మర్యాద. కానీ ఈ ఒక్క రిజిస్టరులో గుర్తు చెరపాలంటే దాని మీద మళ్ళీ గుర్తు పెట్టాలి. అంటే ఏ గుర్తుల్ని భద్రంగా ఉంచుదామని తిరిగి రాశానో అవన్నీ చెరిగిపోయాయి. ఆ రెండు మిల్లీసెకన్లలో బుడగ వచ్చి ఉంటే అదీ పోయింది. అసలు రానే లేదన్నట్టు.

చిప్పు పుస్తకంలో నూట నలభయ్యో పేజీలో రాసే ఉంది. ఆ పేజీ మూలన నా చేతిరాతలోనే 'గుర్తుంచుకో' అని కూడా ఉంది.

దిద్దుబాటు చూస్తే నవ్వొస్తుంది. వరుసలో సమానం గుర్తుకు ముందు ఒక నిలువు గీత ఉంది. ఆ గీత తీసేస్తే చాలు. తీసేశాను. మళ్ళీ వందసార్లు పెట్టాను. వందసార్లూ మోగింది.

వెళ్ళి చెప్పాలి అనుకుంటూనే ఆ మార్పును కోడ్ మార్పులన్నీ భద్రపరిచే చోట ఎక్కించాను. మార్పు ఎందుకో ఒక వాక్యం రాయాలి అక్కడ. 'చిన్న శుభ్రత' అని రాశాను.

రేపు చెబుతాను. పంపులు ఎలాగూ బాగుపడతాయి కదా, ముఖ్యం అది.

మార్చి 13, గురువారం

చెప్పలేదు.

పొద్దున అక్క బెంచి సర్దుతోంది. సిరంజిలు పొడుగు ప్రకారం, గొట్టాలు చుట్టలుగా చుట్టి, ఒక్కోదానికి చీటీ కట్టి. తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఒక కాగితం రాసి గోడకు అంటించింది. నీళ్ళ కుండీ మూత ఎటు తిరుగుతుందో, ఏ సెన్సరు తడికి అలుగుతుందో, అన్నీ. చివరి వరుస: 'చేతులు కట్టుకుని పరీక్షించవద్దు. వార్డులో ఉన్నట్టు చెయ్యండి. మీట నొక్కండి.'

నాలుగుసార్లు చదివాను. తనను పొరపాటు మనిషి అని తేల్చేసిన చోట కూర్చుని, తన తర్వాత వచ్చేవాళ్ళు బాగా చెయ్యాలని రాస్తోంది. నిన్న నేను అడిగిన ఒక్క ప్రశ్నతో తప్పు ఎక్కడుందో వాసన పట్టేసింది. ఇంజనీరింగు నాది, ముక్కు ఆవిడది. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. 

సాయంత్రం మా ఆవిడకు చెప్పాను. కోడ్ గొడవ ఆమెకు ఎందుకు అనుకున్నాను గానీ, ఇంటి బయట పలక అనుకో, వచ్చినవాళ్ళు గీత గీసి పోతారు, గీత చెరపాలంటే దాని మీదే మళ్ళీ గీయాలి, నేను అందరి గీతలూ ఉండాలని అన్నిటి మీదా గీశాను అంటే టక్కున పట్టేసింది. 

"మర్యాద ఎక్కువై ప్రాణాల మీదకు తెచ్చారన్నమాట," అంది. 

బాగు చేసేశాను అన్నాను.

"పంపును బాగు చేశారు. ఆవిడను?"

మళ్ళీ ఆమే అడిగింది: "ఆ మొదటి రోజు మీరు చూడలేదా అసలు?"

కళ్ళజోడు గుడ్డ బల్ల మీద ఉంది. శనివారం ఆమె పడేసినచోటే, మడత కూడా విప్పలేదు.

చూశాను. బుడగ సెన్సరు దాటడం చూశాను, పంపు ఆగకపోవడం చూశాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చూసి, ముందు నా కోడ్ అనుకున్నాను, ఆ తర్వాతే నోరు తెరిచాను. 

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంట్లో ఆ పప్పులు ఉడకవు.

మార్చి 14, శుక్రవారం

సమావేశం పది గంటలకు. తొమ్మిదిన్నరకే వెళ్ళాను. 'చిన్న శుభ్రత' అనే మాట తీసేసి అసలు సంగతి రాశాను. నాలుగు వరుసలు పట్టింది. 

మేనేజరు జాబితా చదువుతూ మూడు తప్పుల దగ్గరకు వచ్చి, "ఇవి పరీక్షించినవారి పొరపాటు కింద..." అంటుండగా, అక్కా ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి అన్నాను. ఇచ్చింది. మూడో తేదీ పేజీ తీసి రెండో గడిలో సంతకం పెట్టాను. కింద ఇవాళ్టి తేదీ కూడా వేశాను, ఎన్ని రోజులు ఆలస్యమో తెలియాలి కదా.

"మీరు ఆ రోజు చూడలేదన్నారు," అన్నాడు మేనేజరు.

"చూశాను."

"కళ్ళజోడు తుడుచుకుంటున్నానని..."

"తుడుచుకోలేదు. తప్పు నా డ్రైవరులో ఉంది. ఆరేళ్ళుగా ఉంది. ఈవిడ పట్టుకుంది, నేను కాదు."

బోర్డు కుర్రాడు తన కొలతల కాగితాలు మెల్లగా సంచిలో పెట్టుకున్నాడు. నేను పలక ఉదాహరణే మళ్ళీ చెప్పాను, మా ఆవిడకు చెప్పినట్టే. మేనేజరుకు కోపం వచ్చింది, రావాలి కూడా. అరవై పంపులు ఆగిపోయాయి. ఇప్పటికే వార్డుల్లో నడుస్తున్న పాత పంపులకు కొత్త కోడ్ ఎక్కించాలి, ముందుగా అందరికీ హెచ్చరిక పంపాలి. ఆ ఉత్తరం నేనే రాయాలట, నా పేరుతోనే. రాస్తానన్నాను. అక్కను మార్చే సంగతి ఏమిటని అడిగాను. "ఆవిణ్ణి ఎవరు మారుస్తారండీ ఇప్పుడు," అన్నాడు చిరాగ్గా. కొత్తవాళ్ళకు నా డ్రైవరు చూపించడం మానేస్తామని కూడా అన్నాడు. చూపించండి, ఆ వరుసతో సహా చూపించండి అన్నాను.

బయటకొచ్చాక నడవాలో అక్క వెనక నడిచాను. క్షమించండి అక్కా అన్నాను. ఆ మాట చాలా చిన్నగా ఉంది.

"మీరు చూశారని నాకు ఆ రోజే తెలుసు సార్," అంది తిరక్కుండానే. "కళ్ళజోడు మీ ముక్కు మీదే ఉంది."

మరి సోమవారం అందరిముందూ ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"నేను చెబితే అది నా మాట. దానికి మళ్ళీ రెండో సంతకం ఎవరు పెడతారు?"

తలుపు తీసుకుని బెంచి దగ్గరకు వెళ్ళిపోయింది. ఇంకా సారే. అది నాకు తగినదే.

మార్చి 15, శనివారం

హెచ్చరిక ఉత్తరం మూడుసార్లు రాశాను. మొదటి రెండింటిలో 'అరుదైన సందర్భాల్లో' అనే మాట దూరింది. మా ఆవిడ ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

మార్చి 17, సోమవారం

పొద్దున్నుంచి కొత్త కోడ్‌తో పరీక్షలు. ఎవరూ చెప్పకుండానే స్టూలు తెచ్చుకుని అక్క పక్కన కూర్చున్నాను. ఆవిడ బుడగ ఎక్కిస్తుంది, బొటనవేలితో మీట నొక్కుతుంది. పంపు ఆగుతుంది, మోగుతుంది. ఆవిడ రాస్తుంది, నేను రెండో గడిలో సంతకం పెడతాను. మధ్యాహ్నానికి రెండు వందల పది. ఒక్కటి కూడా తప్పలేదు. ఆ మోత చెవులకు చాలా గోలగా ఉంటుంది, వార్డులో ఎవరూ నిర్లక్ష్యం చెయ్యకూడదని నేనే అలా పెట్టించాను. ఇవాళ హాయిగా ఉంది.

ఒక్కొక్కసారి బుడగ దగ్గరకు వస్తుంటే ఊపిరి బిగబట్టి ముందుకు వంగుతుంది ఆవిడ. రెండు వందలసార్లు చేసినా మొదటిసారి చేసినట్టే చూస్తుంది. నా ఆరేళ్ళ కోడ్‌ను నేను ఒక్కసారైనా అలా చూసి ఉంటే బాగుండేది.

సాయంత్రం మేనేజరు, బోర్డు కుర్రాడు, ఇంకో ఇద్దరు లెక్క చూడడానికి వచ్చి బెంచి చుట్టూ నిలబడ్డారు. అక్క వాళ్ళను పట్టించుకోలేదు. పుస్తకంలో వెనక్కి వెళ్ళి మూడో తేదీ పేజీ తీసింది. సొరుగులోంచి నల్ల పెన్ను తీసి మూత విప్పింది. గంట, నిమిషం, గదిలో వేడి, గొట్టం నంబరు, ఒక్కొక్క పెన్సిలు అక్షరం మీదా దిద్దడం మొదలుపెట్టింది. సగం పేజీ అయ్యాక తల ఎత్తకుండానే అంది:

"తమ్ముడూ, ఆ లైటు కాస్త ఇటు తిప్పు. నీడ పడుతోంది."